మూలమేడకు ఎన్ని వాకిళ్లు?

మా బావమరిది లండనులో స్థిరపడి ముప్పయ్యేండ్లు దాటింది. క్రిందటి చలికాలంలో సెలవుమీద వచ్చి మా యింట పదిరోజులున్నాడు. అతనికొక వింత అలవాటున్నది. చుక్క ముట్టడు, విందులో ఎవరైనా గ్లాసు ముందు పెడితే ప్రక్కకు జరిపివేస్తాడు. కాని వీధి మలుపులో పాతకాలపు పబ్బు కనబడితే చాలు, అక్కడే నిలబడి పది ఫొటోలు తీసుకుంటాడు. ఇదేమి పిచ్చి అంటే, "లోపల ఏం పోస్తారో నాకెందుకు బావా, నేను తలుపులు చూస్తాను" అంటాడు.

వచ్చిన మూడోనాడు ఫలహారాల దగ్గర మాకొక పరీక్ష పెట్టాడు. "దొరలు 1809 నుంచి 1947 దాకా దండు దిగి కూర్చున్న వూరు గదా మీది. ఎడ్వర్డు కాలపు మూలపబ్బు ఒక్కటంటే ఒక్కటి చూపించండి చూద్దాం" అన్నాడు. సగం మాటే చెవినిబడి మా అత్తగారు లోపలినుంచి "ఏ పబ్బంరా? ఈ వారంలో పబ్బమేమీ లేదే!" అన్నారు.

మేము ఈ వూళ్లో మూడు తరాలుగా వున్నవాళ్లం. బ్రిగేడు రోడ్డు రాళ్లు మా చెప్పులకు పరిచయమే. అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. 1980ల చివరినుంచి బెంగుళూరుకు పబ్బుల నగరమని పేరు వచ్చిన మాట నిజమే గాని, అవన్నీ మొన్నమొన్నటివి. ఎడ్వర్డు దొరకూ వాటికీ చుట్టరికం లేదు. సరే, వెతికి చూద్దామని ఆదివారం ఉదయం బయలుదేరాము.

వెతికేముందు ఆ మూలపబ్బు అంటే ఏమిటో చెప్పాలి. ఏడవ ఎడ్వర్డు రాజ్యం చేసినది 1901 నుంచి 1910 వరకు. కట్టడాల లెక్కలో మాత్రం 1914లో యుద్ధం వచ్చేదాకా అంతా ఆయన ఖాతాలోనే వ్రాస్తారు. అంతకు ముందు 1890లలో లండనులో పబ్బులమీద డబ్బు కుమ్మరించారు. ఒకరిని చూచి ఒకరు ధర పెంచి, 1899 ప్రాంతంలో ఆ బేరమంతా కుప్పకూలింది. పైగా 1904లో చట్టం తెచ్చి, అక్కరకు మించిన పబ్బులను నష్టపరిహారమిచ్చి మూయించడం మొదలుపెట్టారు. అందుచేత ఎడ్వర్డు కాలంలో కొత్తగా కట్టినవి తక్కువే. కట్టినవారు మాత్రం మాకేమీ తక్కువ లేదని నలుగురికీ తెలిసేటట్టు కట్టారు.

ఇక మూల సంగతి. రెండు వీధులు కలిసేచోట ఇల్లంటే మనవాళ్లు ముందు సిద్ధాంతిని పిలుస్తారు. ఇంగ్లీషు పబ్బు యజమాని ఆ జాగాకోసమే ఎగబడేవాడు. రెండు వీధుల జనానికీ దీపాలు కనబడతాయి, రెండు ప్రక్కలా కిటికీలు దొరుకుతాయి. అంతటితో ఆగక, గోడల మూలను నిలువునా కోసివేసి, ఆ కోసిన ముఖంలో పెద్దద్వారం పెట్టేవాడు. మూల తెగిన ఇంటికి మన వాస్తు పండితులు ఏ ఫలం చెబుతారో పాఠకులకు తెలుసు. పాపం, ఆ ఫలం వినకుండానే వాళ్లు వ్యాపారం చేసుకున్నారు. ఆ ద్వారంపైన ఒక చిన్న బురుజో, గడియారమో, శిఖరమో నిలిపేవారు. క్రింది అంతస్తుకు మెరిసే పింగాణీ పెంకులో, నునుపురాయో తొడిగేవారు. అది సోకుకోసం మాత్రమే కాదు. లండను బొగ్గుమసి ఒక గుడ్డతో తుడిస్తే పోవాలి గదా. పైఅంతస్తు మామూలు ఇటుకగోడ. అందులో యజమాని పెళ్లాంబిడ్డలతో కాపురం. ఆ పబ్బు అతనికి ఇల్లూ దుకాణమూ రెండూ అన్నమాట.

కిటికీలకు ఆమ్లంతో పువ్వులూ తీగెలూ చెక్కిన గాజు వేసేవారు. వెలుతురు లోపలికి వస్తుంది, చూపు మాత్రం రాదు. త్రాగేవాడికి సిగ్గుంటుందని ఆ గాజు ఒప్పుకుంటున్నదని మాకు తోచింది. మన వూళ్ల కల్లుపాకలు పొలిమేర దాటి వుండడానికీ కారణం అదే గావును.

మా బావమరిదిని పట్టుకున్నవి ఈ అద్దాలూ బురుజులూ కావు, తలుపులు. ఒకే పబ్బుకు మూడు నాలుగు వాకిళ్లుండేవి. కూలిజనం వెళ్లేది ఒకటి. అక్కడ ఉత్తచెక్క బల్లలు, నేలమీద పొట్టు. గుమాస్తాలు, దుకాణదారులు వెళ్లేది ఇంకొకటి; అక్కడ తివాసీ, మెత్తటి ఆసనాలు, అదే బీరుకు కొంచెం హెచ్చు ధర. ఎవరి కంటా పడగూడదనుకునేవారికి చిన్న గది వేరు. ఇంటికి తీసుకుపోయేవారు చెంబు అందించడానికి ఒక సందు కిటికీ. ఆ కిటికీకి చిన్నపిల్లలనే పంపేవారట. 1901లో చట్టం వచ్చి, పద్నాలుగేండ్లలోపు పిల్లల చేతికి బిరడా వేసి ముద్ర వేసిన సీసా తప్ప ఇవ్వగూడదన్నారు. 1908లో పిల్లలను ఆ గదులలోకే రానివ్వగూడదన్నారు. లోపల మాత్రం ఈ గదులన్నిటికీ నడుమ ఒకటే బల్ల, పోసేవాడు ఒకడే. కొన్నిచోట్ల ఆ బల్లమీద కంటి ఎత్తున చిన్న గాజురెక్కలు బిగించేవారు. పెద్దమనిషి గ్లాసు అందుకునేటప్పుడు రెక్క తిప్పితే పోసేవాడి ముఖం వీరికీ, వీరి ముఖం వాడికీ కనబడదు. ఒక్క కప్పుక్రింద ఇన్ని కులాలు పెట్టుకుని, మన అగ్రహారాలను చూచి ముక్కున వేలు వేసుకున్నారు గదా ఈ దొరలు!

మూడేండ్ల క్రిందట లండను వెళ్లినప్పుడు బావమరిది మమ్మల్ని బ్లాక్‌ఫ్రయర్స్ రైలుస్టేషను ఎదుటికి తీసుకుపోయి 'బ్లాక్ ఫ్రయర్' అనే పబ్బు చూపించాడు. పూర్వం అక్కడ నల్ల అంగీల సన్యాసుల మఠముండేది. పేరు అందువల్ల వచ్చింది. మేడ 1870లనాటిది. 1905 ప్రాంతంలో ఫుల్లర్ క్లార్క్ అనే వాస్తుశిల్పి, హెన్రీ పూల్ అనే శిల్పి కలిసి దానికి కొత్త వేషం వేశారు. జాగా త్రికోణం, రొట్టెముక్క కోసి నిలబెట్టినట్టు వుంటుంది. కోసుగా వున్న కొసన, ద్వారంపైన, బొజ్జమీద చేతులు పెట్టుకుని ఒక సన్యాసి బొమ్మ నవ్వుతూ నిలబడి వుంటుంది. లోపల రంగురంగుల పాలరాళ్లు. గోడలపొడుగునా రాగి, కంచు రేకులలో పోతపోసిన సన్యాసులు. ఒకరు పాడుతుంటారు, ఒకరు చేపలు పడుతుంటారు, ఒకరు ద్రాక్షపండ్లు కోస్తుంటారు. తపస్సు చేస్తున్నవాడు మాత్రం మా కంటికి కనబడలేదు. 1960లలో దీన్ని పడగొట్టి రోడ్డు బాగుచేద్దామనుకుంటే బెట్జమన్ అనే కవి మరికొందరిని కూడగట్టుకుని అడ్డుపడ్డాడు. మేడ నిలిచింది. మా ఆవిడ అంతా తిరిగి చూచి, "గుడికి చేయించవలసిన పని సారాకొట్టుకు చేయించారు" అన్నది. మేమా మాట కాదనలేకపోయాము. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మానిపించడానికి పడిన పాట్లు పేపర్లలో చదివి పెరిగిన ఇల్లు మాది. పోసేదాన్ని మెచ్చుకోకుండా పోసినచోటిని మెచ్చుకోవచ్చునా అని ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నాము. తేలలేదు.

మళ్లీ మన వూరికి వద్దాము. ఆదివారం మొదట కబ్బన్ పార్కుకు వెళ్లాము. అక్కడ విక్టోరియా రాణి విగ్రహం వున్నది. 1906లో, తరువాత అయిదవ జార్జి అయిన యువరాజు వచ్చి ఆవిష్కరించాడు. ఆమె కొడుకు ఎడ్వర్డు విగ్రహం కూడా పార్కులోనే వున్నది. "యజమాని వున్నాడు, ఇక పబ్బు ఏది?" అన్నాడు బావమరిది.

మహాత్మాగాంధి రోడ్డు పట్టుకున్నాము. 1948కి ముందు దాని పేరు సౌత్ పెరేడ్. ఎడ్వర్డు కాలపు ముఖం చూడాలంటే ఇక్కడ హిగ్గిన్‌బాతమ్స్ పుస్తకాలషాపే దిక్కు. 1844లో మద్రాసులో పుట్టిన ఈ సంస్థ 1905లో ఇక్కడ శాఖ తెరిచింది. అదే సంవత్సరం ఆగస్టు 5న బెంగుళూరు వీధిలో మొదటి విద్యుద్దీపం వెలిగింది. శివసముద్రంలో పుట్టిన కరెంటు అంతకు మూడేండ్లముందే కోలారు బంగారుగనులకు పోయింది, వూరి వంతు తరువాత వచ్చింది. తెల్లటి గోడలు, ఎత్తయిన స్తంభాలు, పాతకాలపు ఠీవి, బావమరిది నిండా చూచి, "ముఖం అదే బావా, కాని మూల ఏది? వాకిళ్లేవి? పైగా లోపల పుస్తకాలు!" అన్నాడు.

నడుస్తుండగా మాకు కారణం తోచింది. లండనులో ఇండ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా వుంటాయి. ఆ వరుస ఆగేచోట మూల పుడుతుంది. మన దండులో దొరల ఇండ్లు అట్లా కట్టలేదు. ఒక్కొక్క బంగళా ఒక్కొక్క తోటలో, వీధికి దూరంగా, పెంకుటికప్పుతో, కిటికీలపైన కోతిటోపీలని పిలిచే కొయ్యగూళ్లతో కూర్చునేది. వీధికి కనబడేది ప్రహరీగోడా, గేటూ మాత్రమే. మూలమీద ఇల్లే లేనప్పుడు మూలపబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఇరుకు వీధులూ, ఆనుకున్న ఇండ్లూ వున్నది బజారువైపు. అటు దొర కాపురముండడు.

అయితే త్రాగకుండా వున్నారా? లేదు. లండనులో ఒక్క మేడకు పెట్టిన వాకిళ్లను ఇక్కడ వూరంతా పరిచారు. అధికారులకు 1868లో పుట్టిన క్లబ్బు, ఇప్పటి బెంగుళూరు క్లబ్బు. మామూలు సోల్జరుకు అందులో ప్రవేశం లేదు; వాడికి బారకాసులోనే పట్టాలపు కాంటీను. ఆ కాంటీన్లకోసం పెద్దపెద్ద పీపాలలో బీరు ఎద్దుబండ్లమీద పోయేది. అట్లా బీరు కాచే అయిదు కంపెనీలను 1915లో థామస్ లీష్మన్ అనే ఆయన ఒక్కటి చేసి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. దాని పాత ఆవరణలోనే నేడు విఠల్ మాల్యా రోడ్డుమీద యు.బి. సిటీ మేడలు లేచాయి. మూడో వాకిలి మనవాళ్లది: బజారులో కల్లు, సారాయి. ఈ మూడింటి నడుమ గాజురెక్కలక్కరలేదు. పెరేడు మైదానమంత దూరమున్నది.

ఇందులో ఏదీ వద్దనుకున్న పెద్దమనుషుల సంగతేమిటి? మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా వుండగా 1917లో నూరుగురు సభ్యులతో సెంచరీ క్లబ్బు పెట్టారు; పేరు ఆ నూరువల్లనే. ఆయన ఇంటిపేరు మన మోక్షగుండానిది గనుక ఈ మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు కాలరు సర్దుకోవడం మామూలు. మేమూ సర్దుకున్నాము.

బ్రిగేడు రోడ్డు దిగి రెసిడెన్సీ రోడ్డు కూడలికి వచ్చాము. ఇక్కడ మద్రాసు పయనీరు పటాలం వారికి నిలిపిన స్మారకస్తంభమున్నది. మద్రాసు సైన్యంలో తెలుగు జిల్లాలవారు చేరేవారు గనుక మనవారి ఆయుర్దాయం కూడా కొంత ఆ రాతిక్రింద వుండే వుంటుంది. దానిదగ్గరనే, రెండు రోడ్లకూ ముఖం పెట్టి, మేము వెతుకుతున్న మేడ నిలబడి వున్నది. ఇన్నేండ్లుగా ఆ దారిన పోతూ దాన్ని ఆ కంటితో చూడనేలేదు.

అది పబ్బు కాదు, ఆపెరా హౌసు. దొరల కాలంలో నాటకాలు, పాటకచేరీలు, జంటనాట్యాలు జరిగిన చోటు. తరువాత సినిమాలు ఆడాయి. తరువాత చాలా ఏండ్లు ఏదీ ఆడక బూజుపట్టి వున్నది. మూలజాగా, అందులోనూ ఆ మూల, అన్నేండ్లు పడగొట్టకుండా మిగిలిందంటే అదృష్టమే. అదే రెసిడెన్సీ రోడ్డుమీద విక్టోరియా హోటలు ఎందరికో జ్ఞాపకముంటుంది. దాని తోటా, చెట్లక్రింది బల్లలూ పోయి మాల్ వచ్చింది. ఆపెరా హౌసును శాంసంగ్ కంపెనీవారు తీసుకుని, పాత ముఖాన్ని నిలిపి, లోపల బాగుచేయించి, 2018లో ముప్పదిమూడువేల చదరపుటడుగుల ప్రదర్శనశాలగా తెరిచారు.

బావమరిది రోడ్డుకు అవతల నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే మేము మాత్రం మా తాతగారిని తలచుకున్నాము. ఆయన 1920లలో చిత్తూరు జిల్లానుంచి వచ్చి దండులో ఒక సోడా వర్తకుని దగ్గర గుమాస్తాగా కుదిరారు. నెలాఖరున బిల్లుపుస్తకం చంకనబెట్టుకుని, దొరల భోజనశాలలకూ వినోదశాలలకూ బాకీ వసూలుకు పోయేవారు. ఎక్కడికి పోయినా వెనుకవాకిలే. అక్కడ బట్లరు దయ కలిగినప్పుడు పలికేవాడు, లేకుంటే గంటసేపు నిలబడవలసిందే. "ముందువాకిట ఎక్కిన గోలీసోడా నేను చూడలేదురా. లోపలికి పోయాక అందరి గొంతులోనూ ఒకటే" అనేవారు. ఈ కూడలిలో సాయంకాలం సైకిలు దించి, అవతలి చెట్టుక్రింద నిలబడి, లోపలి పియానో విని ఇంటికి వచ్చేవారట. ముప్పయ్యేండ్లు ఆ వూళ్లో ఉద్యోగం చేసి ఆ మేడను ఆయన బయటినుంచే చూచారు.

మేము మెట్లెక్కాము. కాపలా కుర్రవాడు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎవరు మీరని అడగలేదు. చెప్పుల వంకా చూడలేదు. లోపల కప్పు చాలా ఎత్తు; ఆ ఎత్తుకే కాబోలు, మాట తగ్గించి మాట్లాడాలనిపించింది. క్రింద టెలిఫోనులు, తెరలు, నీలిదీపాలు. కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చి ఆడుకుంటున్నారు, కొనేవారు తక్కువ. మా ఆవిడ ఒక మూలన నిలబడి అంత ఎత్తు కప్పునూ తలెత్తి చూచి, "పియానో ఎక్కడ వుండేదో?" అన్నది. అక్కడి అమ్మాయిని అడిగితే, చక్కగా నవ్వి, పాటలు బాగా వినబడే ఫోను ఒకటి తెచ్చి చూపించింది. తప్పు ఆ పిల్లది కాదు. కాని మేడను బ్రతికించుకున్నప్పుడు దాని కథ ఒక గోడమీదైనా, మూడు భాషలలో, అక్షరమెత్తున వ్రాసి పెట్టవలసినదని మేమనుకున్నాము. కొత్తరంగు వేసిన పాతగోడ తనంత తాను మాట్లాడదు.

బయటికి వచ్చి చూస్తే కాలిబాట అంచున, ఎవరి తిండో సంచిలో వేసుకుని, మోటారుసైకిళ్లమీద నలుగురు కుర్రవాళ్లు ఫోనులు చూచుకుంటూ నిలబడి వున్నారు. బావమరిది వాళ్లనూ ఒక ఫొటో తీసుకున్నాడు. "మేడ మంచిది బావా. మూల వున్నది, వాకిలి వున్నది. పబ్బు కాదుగాని నా పరీక్షలో పాసుమార్కులు వేస్తున్నాను" అన్నాడు.

కాళ్లు నొప్పులు పుట్టాయి. సెయింట్ మార్క్స్ రోడ్డుకు తిరిగి కోషీస్‌కు వెళ్లాము. 1940లో రొట్టెలదుకాణంగా మొదలైన సంస్థ అది. అందులో బీరూ దొరుకుతుంది, కాఫీ కూడా దొరుకుతుంది. ఎత్తు కప్పు, తిరిగే పంకాలు, గంటలకొద్దీ లేవని ముసలివారు. ఇక్కడ రెండు గదులున్నాయని తెలియగానే బావమరిది ముఖం వెలిగింది: ఒకటి అందరూ కూర్చునే పెద్దహాలు, రెండవది జ్యువెల్ బాక్స్ అనే చల్లగది. "చూచారా, లండను తలుపులు ఇక్కడికి వచ్చి చేరాయి!" అన్నాడు. మేము హాలులోనే కూర్చున్నాము. ప్రక్కబల్ల దగ్గర ఒక తాత బీరు ముందుపెట్టుకుని కన్నడ పేపరు చదువుతున్నాడు. అవతల ఒక కుటుంబం చంటిపిల్లకు కేకు తినిపిస్తున్నది. గాజు తేటగా వున్నది. వీధి లోపలికీ, లోపల వీధికీ కనబడుతున్నవి.

కాఫీ త్రాగుతూ బెంగుళూరు క్లబ్బు మాట వచ్చింది. విన్‌స్టన్ చర్చిల్ కుర్రసైనికాధికారిగా 1896లో ఈ వూరు వచ్చాడు. ఆయన క్లబ్బుకు పెట్టిన పదమూడు రూపాయల బాకీని 1899లో వసూలుకాని పద్దులలో వ్రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని నేటికీ గొప్పగా దాచుకున్నారు. తాతగారి బిల్లుపుస్తకాలలోనూ అటువంటి పద్దులకు కొదవలేదు. నెల తిరగకుండా బదిలీ అయిపోయిన దొరల పేర్లు ఎర్రసిరాతో వ్రాసి వుండేవి. అవి చెదలు తిని చాలా కాలమయింది.

బిల్లు వచ్చింది. బావమరిది చేయి చాచబోతే మా ఆవిడ తమ్ముడి చేతిమీద ఒకటి వేసి, బిల్లు మా వైపు జరిపింది. చిల్లరతో సహా లెక్కపెట్టి చెల్లించి లేచాము. ఆ గుమాస్తా మనుమలం. దండులో బాకీ పెట్టి లేవడం మా ఇంటావంటా లేదు.